అరెస్టు వేరు, శిక్ష వేరు

రొళ్ల ఒక మండల కేంద్రం. శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. 2022కు ముందు ఇది అనంతపురం జిల్లాలో ఉండేది. రొళ్ల దాటి కొంచెం దూరం పోతే కర్ణాటక వస్తుంది. ఇక్కడ చాలామందికి తెలుగూ వస్తుంది, కన్నడమూ వస్తుంది. చేలల్లో రాగి, వేరుశనగ పండుతాయి. నీళ్లున్న చోట వక్క తోటలు ఉంటాయి. చదువుకున్న పిల్లలు పని కోసం బెంగుళూరు బస్సు ఎక్కుతారు.

ఈ పాఠంలో ఒక తల్లి, ఒక కొడుకు ఉన్నారు. వారికి పేర్లు పెట్టలేదు. ఇట్లాంటి తల్లీకొడుకులు ఏ ఊళ్లోనైనా ఉండవచ్చు.

ఫారంలో ఒక ప్రశ్న

కొడుకు డిగ్రీ చదివాడు. కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాడు. బెంగుళూరులో ఒక కంపెనీ పరీక్ష పెట్టింది. అందులో పాసయ్యాడు. ఇంటర్వ్యూ కూడా బాగా జరిగింది. తర్వాత వాళ్లు ఒక ఫారం పంపారు. నింపి పంపమన్నారు.

ఆ సాయంత్రం తల్లి తోటపని ముగించుకుని ఇంటికి వచ్చింది. కొడుకు మూలన కూర్చుని ఉన్నాడు.

"ఏమప్పా, అట్ల కూర్చున్నావు? ఫారం నింపలేదా?"

"నింపనుమా. నేను బెంగుళూరికి పోను."

"ఎందుకు పోవు?"

"నీ మీద ఎప్పుడైనా పోలీసు కేసు ఉండిందా అని అందులో అడిగినారు. ఉండిందని రాస్తే పని ఇయ్యరు. లేదని రాస్తే అబద్ధమవుతుంది. నా రాత ఇంతేమా. వక్కలు వలుచుకుంటా ఈడనే ఉంటా."

తల్లి మాట్లాడలేదు. ఆమె మనసులో ఇంకొక భయం ఉంది. ఆ భయం సంగతి కొడుక్కి కూడా తెలియదు.

ఆ రాత్రి ఏం జరిగింది?

అది మూడేండ్ల కిందటి మాట. ఊళ్లో జాతర జరుగుతోంది. నాటకం దగ్గర కూర్చునే జాగా కోసం రెండు గుంపులు గొడవపడ్డాయి. ఇద్దరికి దెబ్బలు తగిలాయి. కొడుకు విడిపించడానికి మధ్యలోకి పోయాడు. పోలీసులు ఆరుగురిని పట్టుకుపోయారు. ఆ ఆరుగురిలో ఇతనూ ఉన్నాడు.

తల్లి స్టేషనుకు పరుగెత్తింది. అక్కడ ఒక కాగితం ఇచ్చి వేలిముద్ర వేయమన్నారు. అప్పటికి ఆమెకు అక్షరం ముక్క రాదు. చేతులు వణుకుతుంటే వేలిముద్ర వేసింది. అందులో ఏముందో ఆమెకు తెలియదు.

మరునాడు ఆరుగురినీ మడకశిర కోర్టుకు తీసుకుపోయారు. బెయిలు వచ్చింది. ఏడాది తర్వాత లోక్ అదాలత్‌లో రెండు గుంపులూ రాజీ పడ్డాయి. కేసు ముగిసింది.

కేసు ముగిసింది కానీ తల్లి భయం ముగియలేదు. "నా కొడుకే తప్పు చేసినాడని నేనే వేలిముద్ర వేసిచ్చినానేమో" అని ఆమె లోలోపల కుమిలిపోయింది. ఎవరినీ అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం.

ఆ తర్వాతే ఆమె రాత్రి బడికి పోయింది. మొదట సంతకం నేర్చుకుంది. తర్వాత బస్సు మీది పేరు చదవడం, సంఘం పుస్తకం చదవడం వచ్చింది. ఇప్పుడు కూడబలుక్కుని ఏ కాగితమైనా చదువుతుంది.

తల్లి చదివిన కాగితం

"ఊరికే కూర్చుంటే ఏమొస్తాది? తెలిసినవాళ్లను అడుగుదాం పా" అన్నది తల్లి. ఇద్దరూ మడకశిర కోర్టుకు పోయారు. ఉచిత న్యాయ సహాయం చూసే లాయరమ్మను కలిశారు. లాయరమ్మ కోర్టులో దరఖాస్తు పెట్టించి, పాత కేసు కాగితాల నకళ్లు తెప్పించింది.

ఆ నకళ్లలో తల్లి తన వేలిముద్ర చూసింది. ఆమె ముఖం పాలిపోయింది.

"ఏమ్మా, ఏమైంది?" అన్నది లాయరమ్మ.

అప్పుడు తల్లి మూడేండ్లుగా దాచుకున్న మాట చెప్పింది.

"నీకు చదువు వచ్చు కదమ్మా. నువ్వే చదువు" అని లాయరమ్మ కాగితం ఆమె చేతికిచ్చింది.

తల్లి వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చదివింది. పైన 'అరెస్టు మెమో' అని ఉంది. కింద తేదీ, సమయం, స్థలం ఉన్నాయి. కొడుకు పేరు ఉంది. అరెస్టు చేసిన సంగతి తల్లికి తెలియజేశామని ఉంది. ఆ మాట పక్కన ఆమె వేలిముద్ర ఉంది. అంతే. తప్పు చేశాడని ఎక్కడా లేదు.

ఆమె రెండోసారి చదివింది. మూడోసారి చదివింది. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఇది నీ కొడుకును కాపాడే కాగితమమ్మా. ఎవరినైనా పట్టుకుపోయి ఎక్కడో దాచిపెట్టకుండా ఇది అడ్డుకుంటుంది" అన్నది లాయరమ్మ.

అరెస్టు అయినవారికి ఉన్న హక్కులు

అరెస్టు మెమో రాయాలని సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 18న ఒక తీర్పులో చెప్పింది. అది డి.కె. బసు కేసు. ఆ మెమో మీద ఇంటివారు గానీ, ఊళ్లో ఒక పెద్దమనిషి గానీ సాక్షిగా ఉండాలి. అరెస్టు సంగతి బంధువులకో, స్నేహితులకో చెప్పాలి.

మన రాజ్యాంగంలోని 22వ అధికరణం ఇంకా కొన్ని హక్కులు ఇచ్చింది. ఎందుకు అరెస్టు చేశారో చెప్పాలి. లాయరుతో మాట్లాడుకోనివ్వాలి. ప్రయాణానికి పట్టే సమయం కాక, 24 గంటల లోపల మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి.

లాయరుకు డబ్బు లేకపోతే ఏం చేయాలి? దానికీ చట్టం ఉంది. 1987లో న్యాయ సేవల చట్టం చేశారు. 1995 నవంబరు 9 నుంచి అది అమలులోకి వచ్చింది. ఆడవారికి, ఎస్సీ, ఎస్టీ కులాల వారికి, పోలీసుల అదుపులోగాని జైలులోగాని ఉన్నవారికి, ఆదాయం తక్కువ ఉన్నవారికి ప్రభుత్వమే లాయరును పెడుతుంది. 15100 నంబరుకు ఫోను చేసి కూడా సహాయం అడగవచ్చు.

నాలుగు మాటలు, నాలుగు అర్థాలు

ఊళ్లో జనం "వాడు కేసులో ఉన్నాడు" అని ఒకే మాట అంటారు. కానీ కేసులో చాలా మెట్లు ఉన్నాయి. లాయరమ్మ వాటిని విడమరిచి చెప్పింది.

ఎఫ్.ఐ.ఆర్. అంటే పోలీసులకు అందిన మొదటి సమాచారం. ఫిర్యాదులో చెప్పింది రాసుకుంటారు. అది నిజమా కాదా అని అప్పటికి ఎవరూ తేల్చలేదు.

అరెస్టు అంటే విచారణ కోసం మనిషిని అదుపులోకి తీసుకోవడం. అది శిక్ష కాదు.

చార్జిషీటు అంటే పోలీసులు విచారించి, తమకు దొరికిన సాక్ష్యాలు రాసి కోర్టుకు ఇచ్చేది. అది పోలీసుల మాట. కోర్టు మాట కాదు.

తీర్పు అంటే కోర్టు మాట. నేరం రుజువైతే శిక్ష. రుజువు కాకపోతే నిర్దోషి అని విడుదల.

"మరి మాది రాజీ కదా మేడం? తప్పు ఒప్పుకున్నట్టేనా?" అని అడిగాడు కొడుకు.

"కాదు నాయనా. రాజీకి వీలున్న కేసులు కొన్ని ఉంటాయి. అవి కోర్టు ఎదుట రాజీ అయితే, నిర్దోషిగా విడుదల అయినట్టే చట్టం లెక్కిస్తుంది. లోక్ అదాలత్ ఇచ్చే కాగితాన్ని అవార్డు అంటారు. అవార్డంటే ఇక్కడ బహుమతి కాదు, తీర్పు. దాన్ని జాగ్రత్తగా పెట్టుకో."

ఫారంలో ఏం రాయాలి?

లాయరమ్మ ఫారం తీసుకుని, ప్రశ్నను గట్టిగా చదవమన్నది. ఎందుకంటే అన్ని ఫారాల్లో ప్రశ్న ఒకటే ఉండదు.

కొన్నిటిలో "మీకు ఎప్పుడైనా శిక్ష పడిందా?" అని ఉంటుంది. ఈ పిల్లవాడికి శిక్ష పడలేదు. లేదు అని రాస్తే అది నిజం.

కొన్నిటిలో "ఇప్పుడు మీ మీద కేసు నడుస్తున్నదా?" అని ఉంటుంది. కేసు ముగిసింది కాబట్టి, లేదు అన్నదే నిజం.

కొన్నిటిలో "ఎప్పుడైనా అరెస్టు అయ్యారా? కేసు ఉండిందా?" అని ఉంటుంది. అప్పుడు ఉండిందని రాయాలి. దాచకూడదు.

అడగని సంగతి ఊరంతా చాటనవసరం లేదు. అడిగిన దానికి మాత్రం అబద్ధం చెప్పకూడదు. ఇప్పుడు కోర్టు కేసుల వివరాలు ఈ-కోర్ట్స్ అనే చోట కంప్యూటర్‌లో ఎవరైనా చూడవచ్చు. పనిలో చేర్చుకునే ముందు కంపెనీలు చదువు కాగితాలు, చిరునామా, కోర్టు వివరాలు సరిచూస్తాయి. బ్యాంకుల పని చేసే కంపెనీలు ఇంకా గట్టిగా చూస్తాయి. పాత గొడవ కన్నా కొత్త అబద్ధమే ఎక్కువ చేటు చేస్తుంది.

ప్రభుత్వ ఉద్యోగాల సంగతిలో సుప్రీంకోర్టు 2016 జులై 21న ఒక తీర్పు ఇచ్చింది. అది అవతార్ సింగ్ కేసు. అడిగిన సమాచారం ఉన్నదున్నట్టు చెప్పాలని కోర్టు చెప్పింది. కేసు చాలా చిన్నదైతే, ఆ తప్పును అధికారులు మన్నించవచ్చని చెప్పింది. నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం తప్పకుండా వస్తుందని మాత్రం చెప్పలేదు. కేసు ఎట్లాంటిది, పని ఎట్లాంటిది అని చూసి అధికారులే తేల్చుకోవాలి.

కొడుకు ఆలోచించి ఫారంలో ఇట్లా రాశాడు:

"మా ఊరి జాతరలో రెండు గుంపుల మధ్య గొడవ జరిగింది. అందులో నన్ను కూడా అరెస్టు చేశారు. కేసు లోక్ అదాలత్‌లో రాజీతో ముగిసింది. నాకు శిక్ష పడలేదు. కాగితాల నకళ్లు జతచేశాను."

ఐదు వాక్యాలు. ఏడుపు లేదు. సాకులు లేవు. ఎవరినీ తిట్టలేదు.

హైదరాబాదులో జరిగిన సంగతి

అరెస్టు మచ్చ మనిషి వెంట ఎంత దూరం వస్తుందో హైదరాబాదులో చూశాం. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. ఆ తర్వాత పోలీసులు చాలామంది ముస్లిం యువకులను పట్టుకుపోయారు. కొందరిపై కేసులు పెట్టారు. కోర్టులో ఆ కేసులు నిలబడలేదు. యువకులు విడుదలయ్యారు.

విడుదలైనా వారికి పని దొరకడం కష్టమైంది. చదువు మధ్యలో ఆగినవారు ఉన్నారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2012లో వారికి నష్టపరిహారం ఇచ్చింది. డబ్బుతోపాటు మంచి నడవడిక పత్రాలు కూడా ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ నష్టపరిహారం చెల్లదని తీర్పు చెప్పింది.

ఈ సంగతి ఏం చెబుతోంది? తలుపు తీసినంత మాత్రాన జైలు మనిషిని వదలదు. ఊరి నోట్లో, ఉద్యోగం ఇచ్చేవారి మనసులో అది మిగిలి ఉంటుంది. అందుకే కాగితం కావాలి. కాగితంతోపాటు చేతిలో పని ఉండాలి.

ప్రోగ్రాం అంటే ఏమిటి?

ఫారం పంపారు. జవాబు రాలేదు. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. కొడుకు దిగులుగా ఉన్నాడు. తల్లి అతన్ని మాటల్లో పెట్టింది.

"నువ్వు నేర్చుకున్న పని ఏందో నాకు చెప్పు. ప్రోగ్రామంటే ఏంది?"

"సంగటి ఎట్ల చేస్తావుమా?"

"ముందు ఎసరు పెడతా. ఎసరు మరిగినంక బియ్యం వేస్తా. బియ్యం ఉడికినంక రాగిపిండి పోస్తా. ఉండలు కట్టకుండా కట్టెతో గెలుకుతా."

"ముందు పిండి పోస్తే?"

"గడ్డలు కడతాది. ఎవురూ తినరు."

"ప్రోగ్రామూ అంతేమా. ఏ పని ముందు, ఏ పని వెనక అని వరుసగా రాసియ్యాల. ఎసరు మరిగిందా అని చూడమని కూడా రాయాల. కంప్యూటర్‌కు సొంత తెలివి లేదు. రాసింది రాసినట్టు చేస్తాది. గడ్డ కడితే ఎక్కడ తప్పు రాసినామో వెతికి దిద్దాల."

తల్లి నవ్వింది. "అయితే మా సంఘం వడ్డీ లెక్క రాసియ్యి చూద్దాం" అన్నది.

సంఘంలో రూపాయి వడ్డీ. అంటే నూరు రూపాయలకు నెలకు ఒక రూపాయి. 5,000 రూపాయలు తీసుకుంటే నెలకు 50 రూపాయలు వడ్డీ. పది నెలలకు 500 రూపాయలు. కొడుకు పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ఆ లెక్క రాశాడు. అసలు ఎంత, నెలలు ఎన్ని అని అది అడుగుతుంది. రెండూ చెబితే వడ్డీ చెబుతుంది. నడుమ కొంత అసలు కడితే ఎట్లా అని సంఘం ఆడవారు అడిగారు. కొడుకు మళ్లీ రాశాడు. ఒకసారి లెక్క తప్పు వచ్చింది. తల్లే పుస్తకం చూసి పట్టుకుంది. కొడుకు దాన్ని దిద్దాడు.

ఇట్లా చేసిన పని ఊరికే పోదు. ప్రోగ్రాములు రాసేవారు తాము చేసిన పనిని నలుగురూ చూసేటట్టు కంప్యూటర్‌లో పెడతారు. కంపెనీ వారు దాన్ని తెరిచి చూస్తారు. మాట కన్నా పని ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది.

శిక్ష పడినవారి సంగతి

నిజంగా తప్పు చేసి శిక్ష పడినవారి గతి ఏమిటి? వారికీ దారి మూసుకుపోలేదు.

అమెరికాలో సాన్ క్వెంటిన్ అనే పేరున్న జైలు ఉంది. 2014లో అక్కడ ఖైదీలకు ప్రోగ్రాములు రాయడం నేర్పడం మొదలుపెట్టారు. నేర్చుకున్నవారిలో కొందరు విడుదలయ్యాక కంప్యూటర్ కంపెనీల్లో చేరారు. మన దగ్గర 2010లో హైదరాబాదు పక్కనున్న చర్లపల్లి జైలులో చదువుకున్న ఖైదీలకు కంప్యూటర్ పని ఇవ్వడానికి జైళ్ల శాఖ ఒక కంపెనీతో ఒప్పందం చేసుకుంది.

చట్టం కూడా కొంత దయ చూపింది. 18 ఏండ్లు నిండని పిల్లలు తప్పు చేస్తే, అది వారి భవిష్యత్తుకు అడ్డు కాకూడదని 2015 బాలల న్యాయ చట్టం చెబుతోంది. చాలా పెద్ద నేరాలకు మాత్రం వేరే నియమాలు ఉన్నాయి. 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద మంచి నడవడిక మీద కోర్టు విడిచిపెడితే, ఆ శిక్ష వల్ల వచ్చే అనర్హత కూడా ఉండదు.

చివరికి ఏమైంది?

మొదటి కంపెనీ జవాబే ఇవ్వలేదు. ఎందుకో చెప్పలేదు. కొడుకు రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

"ఒక వాన తప్పితే సేద్యం మానుకుంటామా?" అన్నది తల్లి.

కొడుకు ఇంకొక చోటికి దరఖాస్తు పెట్టాడు. అది చిన్న కంపెనీ. వాళ్ల ఫారంలోనూ అదే ప్రశ్న ఉంది. కొడుకు అవే ఐదు వాక్యాలు రాశాడు. సంఘం లెక్కల ప్రోగ్రామును కూడా చూపించాడు. మూడో రోజు ఫోను వచ్చింది.

"కేసు కాగితాలు చూశాం. అది సరే. ఈ వడ్డీ లెక్కలో తప్పు ఎట్లా పట్టుకున్నావో చెప్పు" అని అడిగారు.

"నేను పట్టుకోలేదు సార్. మా అమ్మ పట్టుకునింది" అన్నాడు కొడుకు.

ఆరు నెలలు పని నేర్చుకోవాలన్నారు. అప్పటిదాకా జీతం తక్కువే. నేర్చుకున్నాక చూస్తామన్నారు. కొడుకు ఒప్పుకున్నాడు.

బయలుదేరే రోజు తల్లి ఒక ప్లాస్టిక్ సంచి ఇచ్చింది. అందులో మార్కుల కాగితాలు, లోక్ అదాలత్ అవార్డు నకలు, అరెస్టు మెమో నకలు ఉన్నాయి.

"ఆ మెమో ఎందుకుమా?"

"అది నేను చదివిన కాగితం. ఉండనీ" అన్నది తల్లి.

గుర్తుంచుకోండి

1. అరెస్టు అయినంత మాత్రాన నేరస్థులు కారు.
2. చదవకుండా ఏ కాగితం మీదా సంతకం గానీ, వేలిముద్ర గానీ వేయవద్దు. చదవడం రాకపోతే చదివి వినిపించమని అడగండి.
3. కేసు ముగిశాక కోర్టు కాగితాల నకళ్లు తీసి దాచుకోండి.
4. ఫారంలో ప్రశ్నను రెండుసార్లు చదవండి. అడిగిన దానికి నిజం రాయండి.
5. ఒక చోట కాదంటే ఇంకొక చోట అడగండి. ఈలోగా పని మానవద్దు.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో కేసు కొట్టేసినా మాట పడుతున్నవారు ఉన్నారా? ఊరివారు వారితో ఎట్లా ఉండాలి?
2. తల్లి మూడేండ్లు తన భయాన్ని ఎందుకు దాచుకుంది? ముందే అడిగి ఉంటే ఏమయ్యేది?
3. మీరు రోజూ చేసే ఒక పనిని వరుస తప్పకుండా ఆరు వాక్యాల్లో రాయండి. పక్కవారికి ఇచ్చి, రాసింది రాసినట్టు చేయమనండి. ఎక్కడ తప్పు వచ్చిందో చూసి దిద్దండి.